తోక తెగిన రాత్రి

చిత్తూరు దాటినాక, గుడిపాల రోడ్డులో, గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెల. రాత్రి పదకొండున్నర.
గేటు బయట యాభై మూడు ట్రాక్టర్లు,
వాటి కింద గోనెపట్టాలు పరుచుకుని
కావలి కాస్తా కాస్తా నిద్రపోయిన మనుషులు.
కాటా రూములో నేను, ఒక ఫ్యాను, ఒక కంప్యూటరు.
తెర మీద బాణం గుర్తు
ఉన్నట్టుండి కదలడం మానేసింది.

వంగి బల్ల కింద చూస్తే
నిజం ఎలక ఒకటి వచ్చి
ఈ ఉత్తుత్తి ఎలక తోక కొరికి పోయింది.
సీజన్లో ఈడ తీగలక్కూడా మామిడి వాసనే,
దాని తప్పేముంది.

సూపర్‌వైజరు ఫోన్లో ఆవులిస్తా చెప్పినాడు,
"కొత్తది పొద్దున కొనుక్కొస్తా.
అంతదాకా కాటా ఆపెయ్ మునికుమారీ."

కాటా ఆగతాది. కాయ ఆగదు గదా.
బెంగుళూరా కాయ చెట్టు దిగినాక
దానికి తెలిసిన షార్ట్‌కట్ ఒకటే,
కుళ్ళిపోవడం.

గిరింపేటలో దొరసామి సారు టైపు ఇన్‌స్టిట్యూట్.
"చూసి కొట్టేది కొట్టడం కాదు పాపా" అని
నా చేతుల మీద తుండుగుడ్డ కప్పేవాడు.
గుడ్డ కింద నా వేళ్ళు
చీకట్లో ఆవు పొదుగు వెతికినట్టు
తడువుకుంటా తడువుకుంటా
ఒకనాటికి దోవ పట్టినాయి.
మిషన్లన్నీ పాతినప సామాన్లోళ్ళకి తూకానికి పోయినాయి.
సారూ పోయినాడు.
గుడ్డ ఇంకా నా చేతుల మీదే ఉండాది.

ట్యాబ్. బండి నంబరు.
ట్యాబ్. రైతు పేరు.
ట్యాబ్, ట్యాబ్, అయ్యో, ఊరు గడి దాటిపోయింది;
షిఫ్ట్ పట్టుకుని మళ్ళీ ట్యాబ్,
బస్టాండు దాకా పోయినోడు
గొడుగు కోసం ఇంటికి తిరిగొచ్చినట్టు.
ఎఫ్ టూ కొడితే తూకం ఎర్రగా నిలబడతాది.
కంట్రోల్ పి, చీటీ.
ఆల్ట్ నొక్కిపట్టి ట్యాబ్,
తూకం కిటికీ నుంచి లెక్కల కిటికీకి,
వాకిలి తిరిగి పోయే పని లేకుండా
గోడ మీదుగా కూరగిన్నె అందించినట్టు.

ఇన్నేళ్ళూ ఎలక ఎట్ల ఈడిస్తే అట్ల పోయినానే అనిపించింది.
ముప్పై బండ్లు దాటినాక అదీ అనిపించలేదు.
వేళ్ళు పోతా ఉండాయి, నేను వెనకాల పోతా ఉండాను.

తవణంపల్లె కుప్పయ్య మామ
కిటికీ ఊచలు పట్టుకుని నా చేతులే చూస్తా ఉండాడు.
"చూడకుండానే కొడతా ఉండావే,
నా కాయలు రవంత జాస్తి కొట్టగూడదా?"
"అంకె నా చేతిలో లేదు మామా,
బయట ఇనప పలక కింద ఉండాది."
నవ్వినాడు. తర్వాత నవ్వలేదు.
"పోయినేడు ధర మళ్ళీ తెచ్చే మీట
దాంట్లో యాడన్నా ఉందా?"

కంట్రోల్ జడ్ ఉంది.
నేను కొట్టిన అక్షరం దాకానే దాని చెయ్యి అందేది.
ఆ మాట చెప్పలేదు. చీటీ చించి ఇచ్చినాను.
మడిచి, మళ్ళీ మడిచి,
అగ్గిపెట్టెలో పట్టేంత చేసి
నిజంగానే అగ్గిపెట్టెలో పెట్టుకున్నాడు.

నాలుగున్నరకి ఆఖరి బండి.
కంట్రోల్ ఎస్.
విండోస్ మీట పట్టుకుని ఎల్,
తెర దుప్పటి లాక్కుంది.
బయట గాలి తీపిగా ఉంది, వెనకాల ఒక పులుపు.
ఎలక ఒకటి, అదే కావచ్చు,
ఖాళీ కాటా మీద ఈ కొస నుంచి ఆ కొసకి
నింపాదిగా నడిచి పోయింది.
సున్నా సున్నాగానే ఉండాది.

పది గంటలకి కొత్తది వచ్చింది.
అట్టపెట్టె ఇంకా ఇప్పలేదు.
తోక తెగినదాన్ని
ఫ్యాను గాలికి ఎగరకుండా
చీటీల మీద పెట్టినాను.
దాని బరువెంతో
తూచి చూడలేదు.